ఏడుపుకు జవాబు

హీరాబాయి కోపం గురించి తండాలో తెలియని వాళ్ళు లేరు. ఎద్దు మీద కోపం వస్తే ఎద్దుతోనే తేల్చుకునేది, సర్పంచి మీద వస్తే సర్పంచి వాకిట్లోనే తేల్చుకునేది. పొద్దుగూకేసరికి ఆ కోపం కాస్తా చల్లారి, తిట్టిన మనిషికే వేడి వేడి జొన్నరొట్టె పెట్టి పంపేది. ఒక్క కూతురి మీది కోపమే ఆరేళ్ళయినా చల్లారలేదని అందరూ అనుకునేవాళ్ళు. నిజానికి అదీ ఎప్పుడో చల్లారింది. చల్లారిందని ఒప్పుకుని, తన మాట పోకుండా కూతుర్ని ఇంటికి ఎలా తెచ్చుకోవాలో తెలియక ఆమె ముఖం మాడ్చుకుని కూర్చుంది.

కూతురు సంగీత హైదరాబాదులో ఉంటుంది. నాటకాలాడుతుంది, బడి పిల్లలకు నాటకం నేర్పుతుంది. బోధన్ పిల్ల స్వాతితో పదకొండేళ్ళుగా కాపురం చేస్తోంది. కాపురం అనే మాట సంగీతే వాడింది, తల్లి ఎదుటే, నదురూ బెదురూ లేకుండా. హీరాబాయి ఆ మాట సగం విని, సగం విననట్టు నటించి, ఎలాగో మింగింది. ఆ స్వాతి పిల్ల మంచిదేనట, మనిషికి ఇంత అన్నం పెట్టే రకమేనట అని తనకు తానే చెప్పుకుంది కూడా. మింగుడు పడనిది తర్వాత వచ్చిన పసిపిల్ల.

ఇక్కడ వాళ్ళ లంబాడీ తండా పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే కథ నడవదు. చాన్నాళ్ళకు కలిసిన ఆడవాళ్ళు అక్కడ బాగున్నావా అని అడిగి ఊరుకోరు. ఒకరి మెడ ఒకరు చుట్టుకుని రాగం తీసి ఏడుస్తారు. ఉత్త ఏడుపు కాదు, కబుర్లన్నీ అందులోనే. బర్రె ఈనిందని, పెద్దాయన పోయాడని, తమ్ముడు పరీక్ష తప్పాడని, నీ మీద బెంగతో అన్నం సయించలేదని, అన్నీ రాగంలోనే. వచ్చినామె ఒక వరస ఏడిస్తే ఇంట్లో ఆమె జవాబుగా ఇంకో వరస ఏడవాలి. అయిపోయాక ఇద్దరూ కొంగుతో ముక్కు తుడుచుకుని, నవ్వుకుంటూ చాయ్ పెట్టుకుంటారు. తెలియని వాళ్ళకు చావు జరిగిన ఇల్లులా కనిపిస్తుంది గానీ, అంత సంబరం ఇంకోటి లేదు. అయితే ఆడది రాగం ఎత్తుకున్నాక ఎవరో ఒకరు మెడ పట్టుకోవాల్సిందే. పగవాళ్ళ ఆడపడుచయినా సరే, ఒంటరిగా ఏడవనివ్వరు.

ఆరేళ్ళ కింద నాట్ల కాలంలో సంగీత చంకలో మూడు నెలల పిల్లతో వాకిట్లోకి వచ్చి రాగం ఎత్తుకుంది. తండా అంతా పొలాల్లో ఉంది, ఇంటి దగ్గర హీరాబాయి ఒక్కతే. రెండు చేతులూ చాచుకుని పరుగున వచ్చి, పిల్లను చూసి ఆగిపోయింది.

"ఎవలి పిల్లనే?"

"మా పిల్ల యాడీ. స్వాతి కన్నది. తల్లులం ఇద్దరం," అంది సంగీత. యాడీ అంటే వాళ్ళ భాషలో అమ్మా అని.

"నువ్వు కనలే?"

"కనలే."

"కడుపు మోయనిది తల్లెట్లయితదే?" అని హీరాబాయి లోపలికి పోయి తలుపేసుకుంది. సంగీత వాకిట్లో ఒక్కతే ఇంకో వరస ఏడ్చి, జవాబు రాక ఆపేసింది. తెచ్చిన ఆటో ఇంకా మలుపు తిరగనేలేదు, అందులోనే ఎక్కి వెళ్ళిపోయింది. పక్కింటి దేవ్లికి ఈ సంగతి సాయంత్రం తెలిసింది. ఆ రోజు మొదలు ఆరేళ్ళ పాటు ఆమె హీరాబాయిని దెప్పని పండగ లేదు.

ఈ ఏడు బాన్సువాడ గోడల మీద ఒక పోస్టర్ పడింది. సంగీత బొమ్మ, కింద పెద్ద అక్షరాలతో 'నా ఒంటికి యాదున్నది' అనే పేరు, ఒక్కరే ఆడే నాటకం, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు, బిచ్కుంద రోడ్డులో ఫంక్షన్ హాలు. దేవ్లి ఆ కబురు మోసుకొచ్చింది.

"నీ బిడ్డ గోడెక్కింది, సూసినవా?"

"ఎవలి బిడ్డ?" అంది హీరాబాయి, బియ్యం చెరుగుతూ.

"నీ బిడ్డనే. ముక్కు నీదే, మొండి నీదే. తండా ఆడోళ్ళం ఎనిమిది మందిమి పోతున్నం. ఆటో మాట్లాడినం. నువ్వు రాకు, నిన్నెవలు పిలువలె."

ఆదివారం పొద్దున హీరాబాయికి మిక్సీ జార్ బ్లేడు అరిగిందని హఠాత్తుగా గుర్తొచ్చింది. ఆరు నెలల నుంచి అరిగే ఉంది. ఆదివారం దుకాణాలు బంద్ ఉంటాయని దేవ్లి అంటే, ఒక్కటన్న తెరిచి ఉండదా అని ఆటోలో ఎక్కి, జార్ ఉన్న సంచి ఒళ్ళో పెట్టుకుంది. మొగుడు భిక్యా పశువుల దగ్గర ఉంటానన్నాడు. తెల్లచొక్కా తొడుక్కుని మరీ పశువుల దగ్గర ఉంటానన్నాడు.

హాలు నిండింది. కాలేజీ పిల్లలు, టీచర్లు, కుట్టు సెంటర్ నుంచి బురఖాల్లో రెండు వరసల ఆడవాళ్ళు. మైకూ లైట్లూ చూసుకునే కాసిం అటూ ఇటూ ఉరుకుతున్నాడు. ముందురోజు జరిగిన పెళ్ళి అలంకరణ స్టేజీ మీద ఇంకా అలాగే ఉంది. థర్మోకోల్ గుండెకాయ ఒకటి, పక్కన 'సుమన్ వెడ్స్' అనే అక్షరాలు. పెళ్ళికూతురి పేరు ఫ్యాను గాలికి రాలిపోయింది.

"రెండు నిమిషాలల్ల తీసేస్త అక్కా," అన్నాడు కాసిం.

"ఉండనీ అన్నా. మాకు ఎట్లాగు పెండ్లి స్టేజీ దొరకలె," అంది సంగీత. మైకు అప్పటికే ఆన్ అయి ఉంది, హాలంతా విని ఘొల్లుమంది. ముందు వరసలో నీలం చీర కట్టుకున్న ఒకామె అందరికంటే గట్టిగా నవ్వింది. ఆమె పక్కన ఆరేళ్ళ పిల్ల రెండు జడలతో కుర్చీ మీద మోకాళ్ళేసుకుని వెనక్కి చూస్తోంది. స్వాతి, సోని. హీరాబాయి స్వాతిని ఫోటోల్లో కూడా సరిగా చూడలేదు, పిల్లను చూసింది మూడు నెలలప్పుడు ఒక్కసారే, అయినా చూడగానే తెలిసింది. వెనక వరసలో ఆమె తల దించుకుని మిక్సీ జార్ మూత బిగించుకుంది.

నాటకం మొదలైంది. స్టేజీ మీద బల్ల లేదు, కుర్చీ లేదు, సంగీత ఒక్కతే. ముందుకొచ్చి ఎడమ నడుము చూపించింది.

"గీ నడుము సూడున్రి. కుడిదానికి దీనికి ఫరక్ ఉన్నదా లేదా? గీడ మా సోని రెండేండ్లు కూసున్నది. పిల్ల దిగిపోయింది గని నడుముకు తెల్వదు. బస్ స్టాప్‌ల నిలబడితె ఇప్పటికి గిట్లనే వంగి నిలబడత. పక్కనోళ్ళు పిచ్చిది ఎవల్నో ఎత్తుకున్నదనుకుంటున్రు."

లేని పిల్లను చంకనేసుకుని రొట్టెలు చేసింది, ఫోను మాట్లాడింది, సిటీ బస్సులో పడిపోకుండా నిలబడింది, చివరకు లేని పిల్ల నిద్రపోతే లేని మంచం మీద పడుకోబెట్టి, పిల్ల లేవకుండా చెయ్యి లాక్కోవడానికి పడిన తంటా అంతా ఆడి చూపించింది. కుట్టు సెంటర్ ఆడవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. దేవ్లి నవ్వితే కుర్చీ కిర్రుమంది. హీరాబాయి నవ్వకూడదని పళ్ళు బిగబట్టుకుంది గానీ, ముక్కులోంచి ఒక శబ్దం వచ్చేసింది. దాన్ని దగ్గుగా మార్చింది.

తర్వాత సంగీత కాన్పు సంగతి చెప్పింది. పిల్ల పుట్టిన అయిదో రోజు స్వాతికి జ్వరం ముదిరింది, మందులు బలమైనవి, పాలివ్వొద్దన్నారు. పిల్లేమో సీసా ముట్టదు. హనుమాయమ్మ అనే ముసలి నర్సు ఒకామె సంగీతను చూసి, "ఊకెనే నిలబడ్డవు, నీ రొమ్ముకన్న పెట్టు, పిల్ల ఊకుంటది," అందట. పాలగ్లాసులోంచి సన్నటి గొట్టం తెచ్చి రొమ్ము పక్కన ప్లాస్టరేసి అంటించిందట. పిల్ల చీకితే గొట్టంలోంచి పాలొచ్చేవి, రొమ్ములోంచి మాత్రం ఏమీ లేదు. రాత్రీ పగలూ అదే పని. స్వాతి కోలుకున్నాక కూడా పిల్ల ఇద్దరినీ వదల్లేదట.

"ఇరవై మూడో దినం," అంది సంగీత. గొంతు కొంచెం తగ్గించింది. "వంటింట్ల నిలబడి కూర తాలింపేస్తున్న. ఆ గదిల పిల్ల ఏడ్చింది. నా జాకెట్ తడిసింది. నాకు ముందు తెల్వలె, నీళ్ళు చిందినయనుకున్న. కూర మాడింది. స్వాతి ఉరికొచ్చి ఏమైందే అంటె, నేను జాకెట్ సూపిచ్చి నవ్వుతున్న, ఏడుస్తున్న. గన్ని పాలు రాలే, రెండు చుక్కలు. గా రెండు చుక్కలు నా ఒంటికి యాదున్నయి. ఇప్పటికి ఏ పిల్ల ఏడ్చినా, బస్సుల గానీ బజార్ల గానీ, గీడ జిల్లుమంటది."

ఆ మాట విన్నదో లేదో, హీరాబాయి అరవై రెండేళ్ళ ఎండిన రొమ్ముల్లో పాలు చేపినట్టయింది. పొరపడడానికి లేదు, అలాగే, సూదులతో గుచ్చినట్టు, పైనుంచి కిందికి. ఆమె కంగారుగా కొంగు సర్దుకుంది. ఒళ్ళు ఇలాంటి దొంగదెబ్బ తీస్తుందని ఆమె అనుకోలేదు. ముప్పై అయిదేళ్ళ కింద దేవ్లి పచ్చకామెర్లతో మంచం పడితే, రెండు నెలల దిలీప్‌ను హీరాబాయే తెచ్చుకుంది. ఒక పక్కన సంగీత, ఒక పక్కన దిలీప్. ఇద్దరూ ఒకేసారి కాళ్ళతో తన్నేవాళ్ళు. ఇప్పుడు దిలీప్ మద్నూర్ రోడ్డు మీద లారీ నడుపుతాడు, మీసాలున్నాయి, తండాకు వస్తే సొంత తల్లికంటే ముందు హీరాబాయి గడపలోకే వచ్చి యాడీ అంటాడు. అతను అలా పిలిస్తే ఈమె ఏనాడూ నువ్వు నా కడుపున పుట్టలేదు కదా అనలేదు.

పక్కనున్న దేవ్లి ఆ సంగతే ఆలోచిస్తున్నట్టుంది. తల తిప్పకుండానే అంది, "నా దిలీప్‌గాన్ని నువ్వే మోసినవా తొమ్మిది నెలలు?"

"నాటకం సూడు," అంది హీరాబాయి.

"సూస్తనే ఉన్న."

అప్పుడు స్టేజీ మీద సంగీత నడక మారింది. నడుం మీద చెయ్యేసుకుని, గడ్డం పైకెత్తి, మడమలు నేలకేసి కొడుతూ నాలుగడుగులు వేసింది. హాల్లో ఎవరికీ అది ఎవరో తెలియకపోయినా నవ్వారు. తండా ఆడవాళ్ళు ఎనిమిది మందీ మాత్రం ఒక్కసారే తిరిగి హీరాబాయిని చూశారు. తన నడక తనకు చూపిస్తే ఎవరికైనా సిగ్గేస్తుంది. అయినా ఆ నడకలో వెటకారం లేదు. చూసి చూసి నేర్చుకున్న బిడ్డ నడక అది. స్టేజీ మీది ఆ పెద్దామె చేతులు చాచుకుని పరుగున వచ్చింది, ఆగింది, అడగాల్సింది అడిగింది, వెనక్కి తిరిగి లేని తలుపు వేసుకుంది. సంగీత మళ్ళీ సంగీత అయి, అటు తిరిగి, ఎవరూ లేని గాలిని మెడలా చుట్టుకుని రాగం ఎత్తుకుంది.

రెండు వరసలు ఏడ్చి ఆపాలి, కాసిం లైటు తీసేయాలి. రాసుకున్నది అంతే. హైదరాబాదులో, వరంగల్‌లో అలాగే జరిగింది. జనం కుర్చీల్లోంచి కదలకుండా చూసి, లైటు పోయాక చప్పట్లు కొట్టారు. కానీ అక్కడ చూసినవాళ్ళెవరూ తండా వాళ్ళు కారు.

మొదటి వరసకే ఎనిమిది మంది ఆడవాళ్ళూ కుర్చీల్లో నిటారుగా కూర్చున్నారు. రెండో వరస సగంలో దేవ్లి లేచి నిలబడింది. ఆడది ఏడుస్తోంది, మెడ పట్టేవాళ్ళు లేరు. ఆమెకు కనిపించింది అదొక్కటే. చెప్పులు అక్కడే విడిచి స్టేజీ వైపు నడిచింది. కాసిం లైటు స్విచ్చి మీది చెయ్యి తీసి అడ్డం వచ్చాడు.

"అమ్మా, ఇది నాటకం. కూసోన్రి."

"నాటకమైతే గా పిల్ల కండ్లల్ల నీళ్ళెందుకున్నయి? జరుగు కొడుకా."

హీరాబాయికి తండా పద్ధతి తెలుసు. జవాబిచ్చిన ఇల్లే పుట్టిల్లు. దేవ్లి ఇప్పుడు ఆ మెడ పట్టుకుందంటే, రేపటి నుంచి సంగీత వచ్చినా పోయినా దేవ్లి ఇంట్లోనే దిగుతుంది. చాయ్ అక్కడే తాగుతుంది, కబుర్లు అక్కడే చెబుతుంది. పక్క గోడ నుంచి ఆ నవ్వులు వినుకుంటూ తను ఈ పక్కన బియ్యం చెరుగుకుంటూ ఉండాలి. ఇక మాట పోతే పోనీ అనుకుంది, లేచింది.

"దేవ్లీ, ఆగు. అది నా బిడ్డ."

"ఇప్పుడు యాదికొచ్చిందా?" అంది దేవ్లి. కానీ ఆగింది.

హీరాబాయి మిక్సీ జార్ సంచిని కాసిం చేతిలో పెట్టింది. అతను ఏం చెయ్యాలో తోచక రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు, లైటు తీయడం మరిచిపోయాడు. మెట్లెక్కి, థర్మోకోల్ గుండెకాయ కింది నుంచి వచ్చి, ఆమె కూతురి మెడ చుట్టుకుంది.

సంగీత ఒళ్ళు ఒక్కసారి బిగుసుకుంది. ఒక్కతే ఆడే నాటకంలో ఇంకో మనిషి చేతులు తగిలితే ఏ నటికైనా గుండె ఆగుతుంది. తర్వాత వాసన తెలిసింది, జొన్నపిండి, కొబ్బరినూనె. ఆమె గడ్డం తనంతట తనే తల్లి భుజం మీద పాత చోటుకు చేరింది.

హీరాబాయి జవాబు ఎత్తుకుంది. కూతురి కోసం ఆరేళ్ళుగా వాడని రాగం, గొరగొరమంది. అంతలోనే అందుకుంది. అదంతా వాళ్ళ భాషలో; తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది. ఎర్రావు పోయింది బిడ్డా, బోరు ఎండింది బిడ్డా, మీ బాపు మోకాళ్ళు పట్టుకుపోయాయి బిడ్డా. ఆ రోజు తలుపేసుకుని నేను అవతలికి పోలేదు బిడ్డా, తలుపు వెనకే నిలబడ్డాను. గడియ మీద చెయ్యి పెట్టాను, చెయ్యి కదల్లేదు. నీ రెండు వరసలకూ లోపలే జవాబేడ్చాను బిడ్డా, నీకు వినబడలేదు. పిల్ల పాలవాసన ఇంట్లోకి వచ్చింది బిడ్డా, మూడు రోజులు పోలేదు.

సంగీత తన వరస అందుకుంది. ఏం ఏడ్చిందో హాల్లో తెలుగు వాళ్ళకు తెలియదు, కానీ కుట్టు సెంటర్ ఆడవాళ్ళు ముక్కులు చీదడం మొదలుపెట్టారు. కాలేజీ పిల్లలు ఆ ముసలామె ఎంత సహజంగా నటిస్తోందో అని చప్పట్లు కొట్టారు. వెనక స్తంభం చాటున తెల్లచొక్కా ఒకటి కళ్ళు తుడుచుకుంటోంది. ఈలోపు దేవ్లి, మిగతా ఏడుగురూ స్టేజీ ఎక్కి వంతు కోసం నిలబడ్డారు, నిలబడలేక ఒకరి మెడలు ఒకరు పట్టుకుని ఏడ్చుకున్నారు. ఒక్కరు ఆడే నాటకంలో పదిమంది అయ్యారు. అంత గోలలోనూ అందరి ముఖాలూ పెళ్ళి ముఖాల్లా వెలిగిపోతున్నాయి.

హీరాబాయి ముక్కు తుడుచుకుని ముందు వరస వైపు చూసింది.

"స్వాతీ, ఇటు రా."

స్వాతి పిల్ల చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కింది. ఆమె ముఖం అప్పటికే తడిసి ఉంది. "నాకు గిట్ల ఏడ్వ రాదమ్మా," అంది.

"రానోళ్ళు ఎవలు లేరు. మెడ పట్టు."

స్వాతి పట్టుకుంది. రాగం రాక మామూలు మాటల్లోనే చెప్పేసింది. "కాన్పుకు మా అమ్మ రాలే. ఎవలు రాలే. అందరు బిడ్డను సూడొస్తరనుకున్న. సంగీత ఒక్కతే అన్ని చేసింది."

"రాగంల చెప్పు, రాగంల," అని దేవ్లి వెనక నుంచి సరిదిద్దింది. ఏడుస్తూనే స్వాతికి నవ్వొచ్చింది, ఆ నవ్వు హీరాబాయికి అంటుకుంది. నవ్వుతూ రాగం తీయడం ఎంత కష్టమో తీసిన వాళ్ళకే తెలుసు. అయినా హీరాబాయి తెలుగులోనే, స్వాతికి అర్థమయ్యేలా, కన్న నొప్పి నీది బిడ్డా, నీకు కారం ముద్ద పెట్టకపోతి, నడుముకు నూనె రాయకపోతి, నా తప్పు బిడ్డా అని జవాబిచ్చింది. తప్పు అనే మాట ఆ నోటి నుంచి రావడం దేవ్లి ముప్పై అయిదేళ్ళలో వినలేదు.

ఇక సోని మిగిలింది. ఇంతసేపూ ఒక్కొక్కరి ముఖమూ పరీక్షగా చూస్తోంది. సంగీత కొంగు లాగి, "యాడీ, అందరెందుకు ఏడుస్తున్రు?" అని అడిగింది.

"ఖుషీతోని."

పిల్ల వెళ్ళి హీరాబాయి ముందు నిలబడి చేతులెత్తింది. మెడ అందలేదు. హీరాబాయి గొంతుక్కూర్చుంది. సోని ఆ మెడ గట్టిగా చుట్టుకుని, విన్న రాగాన్ని తనకు వచ్చినట్టు ఎత్తుకుంది.

"నా పన్ను ఊడిందీ... మా టీచర్ బదిలయ్యిందీ... నాకు సైకిల్ వస్తలేదూ..."

ఆపి, చెవి దగ్గర అంది, "ఇప్పుడు నువ్వు."

చిన్నపిల్లకు జవాబిచ్చేటప్పుడు ముందు తల్లి పేరు పెట్టి, ఫలానా ఆమె బిడ్డా అని పిలవాలి. అది పద్ధతి. పేరు పెట్టి పిలిచాకే మిగతా మాట. దేవ్లి ఏడుపు ఆపి చూసింది. సంగీత స్వాతి చెయ్యి పట్టుకుంది. కాసిం జార్ సంచిని ఛాతీకి అదుముకున్నాడు.

ఆ రాగంలో ఒక్క పేరుకే చోటుంది. తాతల నాటి నుంచీ అంతే. హీరాబాయి ఊపిరి నిండా తీసుకుంది.

"నా సంగీత బిడ్డా," అని ఎత్తుకుంది. రాగం అక్కడ దిగాలి. దిగనివ్వలేదు. దాన్ని పైకే పట్టుకుని, ఇంకో పేరు పట్టేంత సాగదీసింది. "నా స్వాతి బిడ్డా, నా సోనీ, నా ఇంటికి ఎప్పుడొస్తవే."

సోని వెంటనే రెండో వరస ఎత్తుకుంది. ఈసారి వాళ్ళింటి పిల్లి గురించి.